పరిశోధకుల ప్రశ్నలు: జర్నల్‌కు వ్యాసం పంపే ముందు, పంపాక

చరిత్ర, సాహిత్యం, భాషాశాస్త్రం, తత్వశాస్త్రం వంటి మానవీయ శాస్త్రాల్లో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్ల నుంచి ఈసారి ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. అన్నిటిలోనూ అడిగింది ఒకటే: జర్నల్‌లో వ్యాసం రావాలంటే ఏం చేయాలి? ఒకే ప్రశ్న పలువురు అడిగితే కలిపి ఇచ్చాం.

నా థీసిస్ మూడో చాప్టర్ 1902 నుంచి 1930 దాకా తెలుగు స్త్రీల పత్రికల్లో వచ్చిన పాఠకుల ఉత్తరాల మీద. మొత్తం 23,000 పదాలు. దాన్నే కుదించి జర్నల్‌కు పంపమని మా గైడ్ గారు అంటున్నారు. సగానికి కోశాను, ఇంకా ఎక్కువే ఉంది. ఇక ఏం తీసేయాలో తోచడం లేదు.
– పరిశోధక విద్యార్థిని, హైదరాబాద్

కోతతో మొదలుపెట్టారు కాబట్టే ఎక్కడ కోయాలో తెలియడం లేదమ్మా. చాప్టర్ కుదిస్తే వ్యాసం అవదు. చాప్టర్ చేసే పనే వేరు. చదవాల్సినవన్నీ చదివారని పరీక్షకులకు చూపించాలి, వెనక చాప్టర్‌నూ ముందు చాప్టర్‌నూ కలపాలి. జర్నల్ చదివేవాళ్లకు ఆ రెండిటితోనూ పనిలేదు. వాళ్లకు కావాల్సింది ఒక్క వాదన, దాన్ని నిలబెట్టే ఆధారం.

పాత ఫైలు మూసేసి ఖాళీ కాగితం మీద మూడు వాక్యాలు రాయండి. ఈ విషయం మీద ఇంతవరకు పరిశోధకులు ఏమనుకుంటున్నారు, మీ ఉత్తరాలు చూశాక మీకేమనిపిస్తోంది, ఎందుకు. ఈ మూడూ రాయలేకపోతే వ్యాసం ఇంకా తయారు కాలేదని అర్థం. "స్త్రీల పత్రికలు స్త్రీ చైతన్యానికి దోహదం చేశాయి" అన్నది వాదన కాదు, దాన్ని కాదనేవాళ్లే లేరు. "వితంతు వివాహం గురించి పాఠకులు సంపాదకులతో గట్టిగా విభేదించింది చర్చా శీర్షికల్లో కాదు, ఆరోగ్యం, ఇంటిపనుల శీర్షికలకు రాసిన ఉత్తరాల్లో" అంటే అది వాదన. మీ ఉత్తరాలు నిజంగా ఆ మాట చెబుతుంటేనే సుమా. దాన్ని ఎవరైనా కాదనవచ్చు, మీరు కాగితం తీసి చూపించవచ్చు.

ఆ మూడు వాక్యాలూ కుదిరాక చాప్టర్ తెరిచి, వాటికి పనికొచ్చే పేరాలను మాత్రమే కొత్త ఫైల్లోకి తెచ్చుకోండి. చరిత్ర, సాహిత్య జర్నల్స్ చాలావరకు 8,000 నుంచి 10,000 పదాలు ఒప్పుకుంటాయి. అందులో ఫుట్‌నోట్లు కలిసే ఉంటాయా లేదా అన్నది ఒక్కో జర్నల్‌కు ఒక్కోలా ఉంటుంది, ముందే చూసుకోండి. మీ వ్యాసానికి ఈ లెక్క సరిపోతుంది: ప్రవేశం 800 పదాలు, ముందు పరిశోధకులు చెప్పినది 900, పత్రికల నేపథ్యం 700, ఉత్తరాల విశ్లేషణ 4,500 నుంచి 5,000, ముగింపు 500, ఫుట్‌నోట్లు 1,500. థీసిస్‌లో 5,000 పదాలు పట్టిన పూర్వ పరిశోధనల సమీక్ష ఇక్కడ రెండు మూడు పేజీలు అవుతుంది. మనసుకు కష్టంగా ఉంటుంది గానీ, మీ వాదన ఎవరి మాటకు తగులుతోందో ఆ నలుగురైదుగురి పేర్లే అక్కడ ఉండాలి.

చాప్టర్‌లో నలభై ఉత్తరాలు వరసగా చెప్పి ఉంటారు. వ్యాసంలో ఆరేడు చాలు. ఒక్కోదాన్నీ దగ్గరగా చదవండి. ఎవరికి సంబోధించింది, సంతకం ఎలా పెట్టింది, సంపాదకులు కింద ఏ వ్యాఖ్య చేర్చారు, అదే పేజీలో పక్కన ఏం అచ్చయింది? మిగతా ముప్పై మూడింటి తేదీలు, పేజీలు ఒక ఫుట్‌నోట్‌లోనో పట్టికలోనో పెడితే మీ మాటకు అవే బలం. వ్యాసాన్ని స్త్రీవిద్య చరిత్రతో ఎత్తుకోకండి. ఒక ఉత్తరంతో ఎత్తుకోండి, రెండో పేజీ దాటకముందే వాదన చెప్పేయండి. రివ్యూయర్లు, అంటే జర్నల్ తరఫున వ్యాసాన్ని పరిశీలించే నిపుణులు, అక్కడిదాకా చూసి ఒక అభిప్రాయానికి వచ్చేస్తారు.

ఇదంతా రాయకముందే జర్నల్ ఏదో తేల్చుకోవాలి. మీ విషయానికి ఇండియన్ ఎకనామిక్ అండ్ సోషల్ హిస్టరీ రివ్యూ, స్టడీస్ ఇన్ హిస్టరీ, ఇండియన్ జర్నల్ ఆఫ్ జెండర్ స్టడీస్, మోడర్న్ ఏషియన్ స్టడీస్ వంటివి చూడండి. గత మూడేళ్ల సంచికల విషయసూచికలన్నీ, ఒక్కో జర్నల్లో కనీసం నాలుగు వ్యాసాలు పూర్తిగా చదవండి. ఎక్కడ ఏ చర్చ నడుస్తోందో, ఎంత వివరించాలో అప్పుడు తెలుస్తుంది. భారత చరిత్ర జర్నల్ చదివేవారికి కందుకూరి వీరేశలింగం ఎవరో ఒక ముక్కలో చెబితే చాలు. ఆసియా మొత్తాన్ని చూసే జర్నల్ అయితే రాజమండ్రి ఎక్కడుందో కూడా చెప్పాలి. మీ ఫుట్‌నోట్లలో ఆ జర్నల్‌ వ్యాసం ఒక్కటి కూడా లేకపోతే మీ చర్చ అక్కడిది కాదేమో ఆలోచించండి. అలాగని మొక్కుబడిగా రెండు తెచ్చి అతికించకండి, సంపాదకులు ఇట్టే పట్టేస్తారు.

చదవడానికి డబ్బు ఇబ్బంది అయితే ఒక మాట. 2025 జనవరి నుంచి ప్రభుత్వ విద్యాసంస్థలకు వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద 30 ప్రచురణ సంస్థల జర్నల్స్, సుమారు 13,000 అందుబాటులోకి వచ్చాయి. లాగిన్ ఎలాగో మీ యూనివర్సిటీ లైబ్రరీలో అడగండి.

"ఐఎస్ఎస్ఎన్ ఉన్న అంతర్జాతీయ జర్నల్, మూడు రోజుల్లో ప్రచురణ, సర్టిఫికెట్‌తో కలిపి 1,500 రూపాయలు" అని మా వాట్సాప్ గ్రూపులో రోజూ మెసేజ్‌లు. యూజీసీ ఒప్పుకున్న జర్నల్స్ కేర్ జాబితా తీసేశారు కదా, ఇప్పుడు ఏది మంచిదో ఏది కాదో ఎలా తెలుస్తుంది?
– తిరుపతి, వరంగల్, శ్రీకాకుళం నుంచి పలువురు

మూడు రోజుల్లో పీర్ రివ్యూ జరగదు. వ్యాసం చదవడానికి ఒప్పుకునే ఇద్దరు నిపుణులను వెతకడానికే సంపాదకులకు కొన్ని వారాలు పడుతుంది. ఆ మెసేజ్‌లో ఇంకేమీ చూడనక్కర్లేదు, ఆ గడువే అసలు సంగతి చెప్పేస్తోంది.

జాబితాల కథ కొంచెం తెలిసుంటే మంచిది. యూజీసీ తన పాత ఆమోదిత జాబితా నుంచి 2018 మేలో 4,305 జర్నల్స్‌ను ఒక్కసారిగా తీసేసింది. 2019లో కేర్ జాబితా వచ్చింది. అందులో అచ్చులో మాత్రమే వచ్చే మంచి జర్నల్స్ పేర్లు ఎత్తుకుని, అదే పేరు, అదే ఐఎస్ఎస్ఎన్‌తో దొంగ వెబ్‌సైట్లు పెట్టి డబ్బు వసూలు చేసినవాళ్లు బయల్దేరారు. 2025 ఫిబ్రవరిలో యూజీసీ ఆ జాబితాకు స్వస్తి చెప్పి, కొన్ని సూచనలిచ్చి, ఎంపికను యూనివర్సిటీలకూ పరిశోధకులకూ వదిలేసింది. కాబట్టి మొదటి పని, మీ యూనివర్సిటీ రీసెర్చ్ సెల్ ఇప్పుడు ఏ జర్నల్స్‌ను ఒప్పుకుంటోందో రాతపూర్వకంగా తెలుసుకోవడం. "కేర్‌లో ఉండేది" అన్న పాత మాట నమ్ముకుని వ్యాసం పంపి తర్వాత చిక్కుల్లో పడకండి.

ఇక మీరు చేసే పరీక్ష. గత నాలుగు సంచికలు తెరవండి. ఒకే సంచికలో జీఎస్టీ, వేప ఆకు రసాయనాలు, ప్రబంధ కవిత్వం పక్కపక్కనే ఉంటే, నెలకు వందేసి వ్యాసాలు వేస్తుంటే అది జర్నల్ కాదు, దుకాణం. అందులో మీ రంగానికి చెందిన రెండు వ్యాసాలు చదవండి, సంపాదకుల చెయ్యి పడిందో లేదో పది నిమిషాల్లో తెలిసిపోతుంది. సంపాదకవర్గంలో ఉన్న ప్రొఫెసర్లలో ఇద్దరిని ఎంచుకుని, వాళ్ల యూనివర్సిటీ పేజీలో ఈ జర్నల్ పేరు ఉందేమో చూడండి, అక్కడి ఈమెయిల్‌కు రెండు వాక్యాలు రాసి అడగండి. తమ పేరు వాడుకున్నట్టు వాళ్లకే తెలియని సందర్భాలు ఉంటాయి. జర్నల్స్ సూచిక అయిన స్కోపస్‌లో ఉందని రాసుకుంటే ఆ మాట నమ్మవద్దు. స్కోపస్ సోర్స్ జాబితా, క్లారివేట్ మాస్టర్ జర్నల్ లిస్ట్, ఓపెన్ యాక్సెస్ (అందరికీ ఉచితంగా తెరిచినది) అయితే డీఓఏజే, మూడూ ఉచితంగా వెతకవచ్చు. ఏ సంవత్సరం దాకా ఉందో కూడా చూడండి, మధ్యలో తొలగించినవి ఉంటాయి. దొంగ సైటు అనుమానం వస్తే వ్యాసం మీదున్న డీఓఐ (శాశ్వత లింకు) నొక్కి ఎక్కడికి తీసుకెళ్తుందో చూడండి. అచ్చు సంచిక మీదున్న చిరునామాకు ఫోన్ చేస్తే ఇంకా ఖాయం.

ఐఎస్ఎస్ఎన్ గురించి చాలామందికి అపోహ ఉంది. అది ఎనిమిది అంకెల గుర్తింపు సంఖ్య, అంతే. వారపత్రికకూ ఇస్తారు. నాణ్యతకు ముద్ర కాదు. జర్నల్ వ్యాసాలను ఇతరులు సగటున ఎన్నిసార్లు ఉటంకించారో చెప్పే అంకె, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ కూడా అలాంటిదే. అసలైనది క్లారివేట్ ఇస్తుంది, కళలు, మానవీయ శాస్త్రాల సూచికలోని జర్నల్స్‌కు 2023 నుంచే ఇవ్వడం మొదలుపెట్టింది. మన రంగంలో ఎంతో పేరున్న జర్నల్స్ అంతకుముందు దశాబ్దాలపాటు ఆ అంకె లేకుండానే నడిచాయి. "ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 7.8" అని బ్యానర్ కట్టుకున్న తెలుగు సాహిత్య జర్నల్ కనిపిస్తే పక్కకు తప్పుకోండి.

మానవీయ శాస్త్రాల్లో చందాల మీద నడిచే మంచి జర్నల్స్ రచయిత దగ్గర పైసా తీసుకోవు. పెద్ద సంస్థలు వ్యాసాన్ని అందరికీ ఉచితంగా తెరిచి పెట్టాలంటే రుసుము అడుగుతాయి. అది వ్యాసం ఆమోదం పొందాక వచ్చే ఐచ్ఛికం, వద్దంటే మామూలుగానే వేస్తారు. ఇప్పటికే ఏదో దుకాణానికి పంపేసి ఉంటే కాపీరైట్ ఫారం మీద సంతకం పెట్టకండి, డబ్బు కట్టకండి, వ్యాసం వెనక్కి తీసుకుంటున్నానని ఈమెయిల్ ఇచ్చి దాని కాపీ దాచుకోండి. వెనక్కి తీసుకోవడానికీ రుసుము కట్టమంటారు, అదీ కట్టకండి. అక్కడ ఒకసారి అచ్చయిందంటే ఆ వ్యాసాన్ని మరో జర్నల్ తీసుకోదు. 1,500 రూపాయలు మళ్లీ సంపాదించుకోవచ్చు, రెండేళ్లు ఆర్కైవ్స్‌లో కూర్చుని తీసిన సరుకు తిరిగిరాదు. మమ్మల్ని బాధపెట్టేది అదే.

థీసిస్ ఇచ్చే ముందు వ్యాసం ప్రచురించడం తప్పనిసరేనా?
– అనంతపురం

2016 నిబంధనల ప్రకారం ఒక జర్నల్ వ్యాసం, రెండు సదస్సు పత్రాలు ఉండాల్సి వచ్చేది. 2022 నవంబరులో వచ్చిన యూజీసీ పీహెచ్‌డీ నిబంధనల్లో ఆ షరతు తీసేశారు. అయినా కొన్ని యూనివర్సిటీలు తమ ఆర్డినెన్స్‌లో ఉంచుకున్నాయి. మీరు ఏ సంవత్సరం చేరారో ఆ నియమావళి చూడండి. ఉద్యోగానికి మాత్రం వ్యాసాలు కావాలి. 2018 నిబంధనల్లో యూనివర్సిటీ అసిస్టెంట్ ప్రొఫెసర్ షార్ట్‌లిస్టింగ్‌కు ఒక్కో వ్యాసానికి 2 మార్కులు, గరిష్ఠంగా 10. పీహెచ్‌డీకే 30 ఉన్నాయి. ఐదు వ్యాసాల కోసం పరుగెత్తి థీసిస్ పాడుచేసుకోవద్దు. పీహెచ్‌డీ కాలంలో ఒకటి గట్టిది, వీలైతే రెండు, చాలు.

ఎనిమిది నెలల తర్వాత "రివైజ్ అండ్ రీసబ్‌మిట్" (సవరించి మళ్లీ పంపండి) అని వచ్చింది. మొదటి రివ్యూయర్ సిద్ధాంత చర్చ పెంచమంటున్నారు. రెండోవారు సిద్ధాంతం ఎక్కువైంది, తగ్గించమంటున్నారు. ఒకరి మాటలు మరీ కటువుగా ఉన్నాయి. తిరస్కరించినట్టేనా?
– విశాఖపట్నం

కాదు. ఇది మంచి కబురు. వ్యాసంలో సరుకుందని అనుకోకపోతే ఇద్దరు పెద్దవాళ్లు అంత సమయం పెట్టరు, సంపాదకులు మళ్లీ పంపమనరు. ఆమోదం ఖాయమని కాదు గానీ, తలుపు తెరిచే ఉంది.

నివేదికలు ఒకసారి చదివి మూడు రోజులు పక్కన పెట్టండి. కటువైన మాటలకు జవాబు ఆ రోజు రాయకూడదు. తర్వాత పట్టిక గీయండి, మూడు గడులు: రివ్యూయర్ అన్నది, మీరు చేసింది, ఏ పేజీలో. వాళ్ల నివేదికలో ప్రతి వాక్యాన్నీ విడగొట్టి మొదటి గడిలో పెట్టాలి, స్పెల్లింగ్ సవరణలతో సహా. ఇరవై నుంచి నలభై వరసలు రావడం మామూలే. అందులో సగం ఒక్క పూటలో అయిపోయేవి ఉంటాయి.

పరస్పర విరుద్ధంగా కనిపించే రెండు మాటలూ చాలాసార్లు ఒకే లోపాన్ని రెండు వైపుల నుంచి చూసినవి అయి ఉంటాయి. మీరు రెండో పేజీలో ఒక సిద్ధాంతకారుడిని పరిచయం చేసి, పదో పేజీ దాకా ఆ ఊసే ఎత్తకపోతే ఒకరికి "ఇంకా కావాలి" అనిపిస్తుంది, మరొకరికి "ఎందుకిది" అనిపిస్తుంది. మందు ఒకటే. మొదట్లో ఉన్న నాలుగు పేరాల్లో ఒకటే ఉంచి, మిగతా మూడింటి సారాన్ని ఆధారాలు విశ్లేషించే చోటికి తీసుకెళ్లండి. అప్పటికీ ఇద్దరి మధ్య ఒకరినే ఎంచుకోక తప్పకపోతే, సంపాదకులు తమ ఉత్తరంలో ఎవరివైపు మొగ్గారో చూడండి. తేలకపోతే మర్యాదగా అడగండి, తప్పులేదు.

ఒప్పుకోలేని సూచన ఉంటే ఒప్పుకోనక్కర్లేదు, కారణం చెప్పాలి. ఈ మాదిరిగా రాయండి: "ఈ చర్చను 1947 దాకా పొడిగించమన్న సూచనకు కృతజ్ఞతలు. 1930 తర్వాత ఈ పత్రికల ఉత్తరాల శీర్షిక స్వరూపమే మారిపోయింది కాబట్టి ఆ కాలాన్ని ఇందులో కలపలేదు. ఈ పరిమితిని 4వ పేజీ రెండో పేరాలో స్పష్టం చేశాను." రివ్యూయర్ పొరబడ్డారని మీకు గట్టిగా అనిపించినా "మీకు అర్థం కాలేదు" అనే ధ్వని రానీయకండి. ఒక నిపుణుడు పొరబడ్డాడంటే మిగతా పాఠకులూ పొరబడతారు, ఆ వాక్యం తిరగరాయండి. గడువు సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు. చాలదనిపిస్తే గడువు దాటకముందే ఈమెయిల్ ఇస్తే పొడిగిస్తారు.

పంపి ఏడు నెలలైంది, పోర్టల్‌లో "అండర్ రివ్యూ" అనే చూపిస్తోంది. ఈలోగా ఇంకో జర్నల్‌కు పంపవచ్చా?
– గుంటూరు

పంపకూడదు. ఒకే వ్యాసం ఒకేసారి రెండు చోట్ల ఉండకూడదన్న నియమం అంతటా ఉంది. మన రంగం చిన్నది, రెండు జర్నల్సూ ఒకే రివ్యూయర్‌కు పంపడం జరిగే పనే. నాలుగు నెలలు దాటాక వ్యాసం సంఖ్య, పంపిన తేదీ రాసి, ఎక్కడిదాకా వచ్చిందో తెలపమని మూడు వాక్యాల ఈమెయిల్ ఇవ్వండి. నెలకు జవాబు రాకపోతే మళ్లీ ఒకటి. ఏడాది దగ్గరపడుతున్నా ఉలుకూ పలుకూ లేకపోతే, ఫలానా తేదీ నుంచి ఉపసంహరించుకుంటున్నానని రాసి, వాళ్ల నుంచి ధ్రువీకరణ వచ్చాకే ఇంకోచోటికి పంపండి. మొదట్నుంచి చివరిదాకా ఏడాదిన్నర, రెండేళ్లు పట్టడం అసాధారణం కాదు. థీసిస్ చివరి ఏడాదిలో మొదలుపెడితే అందదు, రెండో మూడో సంవత్సరంలోనే మొదటి వ్యాసం పంపాలి.

నా థీసిస్ తెలుగులో. ఇంగ్లిష్ జర్నల్‌కు రాయాలని ఉంది. అనువదిస్తే ప్లేజియరిజం అవుతుందా? తెలుగు ఉటంకింపులు, పాత తేదీలు ఎలా ఇవ్వాలి?
– కుప్పం

మీ పరిశోధనను మీరే మరో భాషలో రాయడం చౌర్యం కాదు, దాచిపెడితేనే తప్పు. అచ్చయిన భాగం ఏదైనా ఉంటే కవరింగ్ లెటర్‌లో, మొదటి ఫుట్‌నోట్‌లో చెప్పండి. మీ థీసిస్ శోధ్‌గంగలో (థీసిస్‌ల ఆన్‌లైన్ భాండాగారం) ఉన్నా చెప్పండి. అయితే వాక్యానికి వాక్యం అనువదించవద్దు. తెలుగు పాఠకులకు తెలిసిందని మీరు వదిలేసినవన్నీ అక్కడ చెప్పాలి, వాళ్లకు అక్కర్లేనివి బోలెడు తీసేయాలి. కొత్తగా రాయడమే సులువు.

పద్యమో వాక్యమో ఉటంకిస్తే రోమన్ లిపిలో మూలం, దాని కింద మీ అనువాదం, "అనువాదం నాది" అన్న మాట ఉండాలి. రోమన్‌లోకి మార్చడానికి ఐఎస్ఓ 15919, అమెరికా లైబ్రరీలవాళ్లు వాడే ఏఎల్ఏ–ఎల్‌సీ అని రెండు పద్ధతులున్నాయి. జర్నల్ ఏది అడిగితే అది, చివరిదాకా అదే. మనవాళ్లు పొరబడే చోటు ఒకటుంది. సంస్కృతంలో హ్రస్వ ఎ, ఒ లేవు కాబట్టి సంస్కృతం రాసేవాళ్లు ఏ, ఓలకు పైన గీత పెట్టరు. ఆ అలవాటు తెలుగుకు పట్టుకొస్తే మేడ కాస్తా మెడ అయిపోతుంది, కోడి కొడి అవుతుంది. తెలుగులో దీర్ఘానికి గీత ఉండి తీరాలి.

తేదీల దగ్గర ఇంకా జాగ్రత్త. "క్రోధి సంవత్సరం మాఘమాసం" అని అచ్చయిన సంచికకు 1904 అని వేస్తే తప్పు. క్రోధి 1904 ఉగాదికి మొదలైంది, మాఘం వచ్చేసరికి 1905. అరవై ఏళ్లకు అదే పేరు మళ్లీ వస్తుంది, 1964–65 కూడా క్రోధే. అట్ట చిరిగిపోయిన సంచిక అయితే లోపలి ప్రకటనలు, వార్తలు చూసి ఏ క్రోధో తేల్చుకోండి. పాత రెవెన్యూ సంవత్సరమైన ఫసలీ లెక్కకు 590 కలపాలి. కానీ నిజాం రాజ్యపు కాగితాల్లో 1357 ఫసలీ 1947 అక్టోబరు మొదటి వారంలో మొదలవుతుంది, మద్రాసు ప్రెసిడెన్సీ రెవెన్యూ రికార్డుల్లో ఫసలీ జూలైలో మొదలవుతుంది. ఫుట్‌నోట్‌లో మూలంలో ఉన్న తేదీనీ, మీరు లెక్కగట్టిన తేదీనీ రెండూ ఇవ్వండి. తార్నాక స్టేట్ ఆర్కైవ్స్ కాగితం అయితే శాఖ పేరు, ఫైలు సంఖ్య, తేదీ. వేటపాలెం సారస్వత నికేతనంలో చూసిన పత్రిక అయితే సంపుటి, సంచిక, పేజీ, చూసిన చోటు. ఇవి ఆ రోజే రాసుకోకపోతే రెండేళ్ల తర్వాత మళ్లీ ప్రయాణం పెట్టుకోవాలి.

తెలుగులోనే ప్రచురించాలనుకుంటే అది తక్కువ పని కాదని మా అభిప్రాయం. 1924లో మొదలైన భారతి పుటల్లో శాసనాల మీద, ఛందస్సు మీద గట్టి చర్చలు తెలుగులోనే నడిచాయి. యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో డీటీపీ చేయించిన ఫైలుంటే యూనికోడ్‌లోకి మార్చి, వత్తులూ సంయుక్తాక్షరాలూ ఒక్కో పేజీ చూసుకోండి. మార్పిడిలో తారుమారయ్యేవి అవే.

సిమిలారిటీ (ఇతరుల రాతతో పోలిక) 10 శాతం లోపు ఉంటే చాలా? మా సెంటర్‌లో మాటలు మార్చే సాఫ్ట్‌వేర్‌తో తగ్గించి ఇస్తామంటున్నారు.
– కరీంనగర్

యూజీసీ 2018 నిబంధనల్లో 10 శాతం దాకా శిక్ష లేదు, 10 నుంచి 40, 40 నుంచి 60, ఆ పైన అని మూడు అంచెలు. 60 దాటితే పీహెచ్‌డీ రిజిస్ట్రేషనే రద్దు. మూలం చెప్పిన ఉటంకింపులు, గ్రంథసూచి, 14 పదాలు మించని సాధారణ పదబంధాలు లెక్కలోకి రావు. కానీ ఆ శాతం కోసం రాయకండి. ఇంకొకరి ఆలోచనను పేరు చెప్పకుండా సొంత మాటల్లో రాస్తే సాఫ్ట్‌వేర్ సున్నా చూపించవచ్చు, అయినా అది చౌర్యమే. మాటలు మార్చే సాఫ్ట్‌వేర్ "భూస్వామ్యం" అన్న పారిభాషిక పదాన్ని కూడా మార్చిపారేస్తుంది, రివ్యూయర్ మొదటి పేజీలోనే పట్టుకుంటారు. అను ఫాంట్ల ఫైలు ఇస్తే సాఫ్ట్‌వేర్‌కు తెలుగే కనిపించదు, ఆ సున్నాను నమ్ముకోకండి.

ఏఐ చాట్‌బాట్ల గురించీ చాలామంది అడిగారు. ఏఐని రచయితగా పేర్కొనడానికి వీల్లేదని ప్రచురణ నైతికత సంస్థ కోప్ స్పష్టంగా చెప్పింది. భాష దిద్దుకోవడానికి వాడితే జర్నల్ అడిగిన చోట ఆ మాట చెప్పండి. దాన్ని రిఫరెన్సులు మాత్రం అడగకండి. లేని పుస్తకానికి పేజీ నంబరు సహా ఇస్తుంది.

వ్యాసంలో తన పేరు కూడా పెట్టమని గైడ్ గారు అడుగుతున్నారు. మానవీయ శాస్త్రాల్లో ఇది మామూలేనా?
– ఊరు రాయవద్దన్నారు

సైన్స్ ల్యాబుల్లో మామూలు, మన దగ్గర కాదు. వాదన రూపొందించడంలో, ఆధారాలు సేకరించడంలో, రాయడంలో నిజంగా పాలుంటే సహరచయిత. చాప్టర్ చదివి సలహాలివ్వడం గైడ్ బాధ్యత, దానికి కృతజ్ఞతల్లో పేరు చాలు. నేరుగా కాదనడం కష్టమని మాకు తెలుసు. "సర్, ఈ జర్నల్‌లో ఎవరు ఏ పని చేశారో రాయమంటున్నారు, మీ భాగం ఏమని రాయమంటారు?" అని అడగండి. చాలామంది అక్కడ ఆగుతారు. ఇద్దరి పేర్లుంటే 2018 నిబంధనల ప్రకారం ఒక్కొక్కరికి 70 శాతం పాయింట్లే వస్తాయని కూడా తెలిసుండాలి.

వ్యాసం ఆమోదం పొందింది. ప్రూఫులు వచ్చాయి, 72 గంటల్లో పంపమన్నారు. పీడీఎఫ్ నా పేజీలో పెట్టుకోవచ్చా?
– డాలస్ నుంచి తెలుగు విద్యార్థిని

అచ్చయిన పీడీఎఫ్ పెట్టడానికి చాలా సంస్థలు ఒప్పుకోవు. రివ్యూ అయ్యాక మీరు చివరగా పంపిన వర్డ్ ప్రతిని, వాళ్లు చెప్పిన వ్యవధి గడిచాక, యూనివర్సిటీ రిపాజిటరీలో పెట్టుకోనిస్తారు. సంతకం పెట్టే ముందు ఒప్పందంలో రెండు విషయాలు చూడండి: ఈ వ్యాసాన్ని మీ థీసిస్‌లోనూ, తర్వాత పుస్తకంలోనూ వాడుకునే హక్కు మీకుందా లేదా. ఫొటోలు, అట్టబొమ్మలు ఉంటే అనుమతి పత్రాలు ఈసరికే చేతిలో ఉండాలి.

ప్రూఫుల్లో వాక్యాలు తిరగరాయనివ్వరు. పేర్లు, తేదీలు, పేజీ అంకెలు, పట్టికలు చూసుకోండి. టైప్‌సెట్టింగ్‌లో మొదట ఎగిరిపోయేవి రోమన్ అక్షరాల మీది గీతలు, కింది చుక్కలు. మీ వర్డ్ ప్రతిని పక్కన పెట్టుకుని, ఒకరు పైకి చదువుతుంటే ఒకరు ప్రూఫు చూడండి. ముందు మీ పేరు, మీ ఆర్కిడ్ సంఖ్య (పరిశోధకులకు ఇచ్చే గుర్తింపు సంఖ్య) సరిగ్గా పడ్డాయో లేదో చూసి ఆ తర్వాత మొదటి పేజీకి రండి.